వెనక టైరు ముప్పై నాలుగు

కాప్రాలో మా ఇంటి నుంచి రెండు వీధులు దాటితే ఒక పెట్రోలు బంకు ఉంది. ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఇంకా చల్లగా ఉండగానే, నా మోటారు సైకిలు తీసుకుని అక్కడికి గాలి పట్టించుకోవడానికి వెళ్తాను. ఇప్పుడక్కడ గోడకు తగిలించిన పెట్టె లాంటి మిషను ఉంది. అంకెలు ఎర్రగా వెలుగుతాయి, కావలసినంత గాలి ఎక్కగానే కీచుమని అరుస్తుంది. గాలి పట్టే ఆయన నన్ను ఎన్నిసార్లు చూసినా, "రెండిట్ల ముప్పై గొట్టాల్నా మేడం?" అని అడుగుతాడు. నేను ప్రతివారమూ ముందు దానికి ఇరవై అయిదు, వెనక దానికి ఇరవై తొమ్మిది అని చెబుతాను. ఆయన నవ్వి, గొట్టం నా చేతికే ఇచ్చి పక్కకు జరుగుతాడు. వాల్వు మూత విప్పి పిన్ను మీద గోరు ఆనించగానే టైరులోంచి చిన్న బుస ఒకటి వస్తుంది. దానితో పాటు రబ్బరూ, దుమ్మూ, చాలాకాలం మూసి ఉంచిన గది చల్లదనమూ కలిసిన ఒక వాసన ముఖానికి తగులుతుంది. అంతే, నాకు పదేళ్ళు వచ్చేస్తాయి. సీతాఫల్‌మండిలో మా రెండు గదుల ఇంటి ముందు, నాపరాళ్ళ మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని ఉంటాను.

మా నాయిన పేరు యాదగిరి. ఆయన ఏం చేస్తాడని బళ్ళో అడిగితే "సినిమాల పని" అని చెప్పేదాన్ని. పిల్లలంతా ఒక్కసారిగా నా వైపు తిరిగేవాళ్ళు, ఆ తరువాత నిజం చెప్పక తప్పేది కాదు. నాయిన సినిమా బాక్సు మోసేవాడు. అప్పట్లో కొత్త సినిమా వస్తే అన్ని టాకీసులకూ సరిపడా ప్రింట్లు వచ్చేవి కావు, రెండు టాకీసులు కలిసి ఒక్క ప్రింటుతో నెట్టుకొచ్చేవి. స్టేషను దగ్గరి పెద్ద టాకీసులో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ రెండు రీళ్ళు ఆడగానే వాటిని మళ్ళీ చుట్టి, గుండ్రటి రేకు డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలను ఇనప పెట్టెలో సర్ది నాయిన బండి వెనక కట్టేవారు. మా వైపున్న చిన్న టాకీసులో ఆట గంట ఆలస్యంగా మొదలయ్యేది. ఆయన ఆ రీళ్ళు అక్కడ దించి, ఆడిపోయినవి ఎత్తుకుని, మళ్ళీ పెద్ద టాకీసుకు పరుగెత్తేవాడు. మధ్యలో రైలు వంతెన, చిలకలగూడ చౌరస్తా, తోపుడు బళ్ళూ ఆవులూ నిండిన సందులు. తెర మీద హీరో గుర్రమెక్కి వస్తున్నంతసేపూ ఆ తరువాతి కథను వెనక కట్టుకుని మా నాయిన బండి మీద వస్తుండేవాడు. అది చేరకపోతే హీరో ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోతాడు.

అందుకే ఆయనకు గాలి పట్టింపు. వేరేవాళ్ళు పొద్దున లేచి దేవుడి పటానికి దండం పెట్టినట్టు ఆయన టైర్లు చూసేవాడు. జుమ్మేరాత్ బజారులో పాత సామాన్ల కుప్పలో దొరికిందట, పెన్నులా ఉండే ఇత్తడి గేజు ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. దాన్ని వాల్వుకు నొక్కితే వెనక నుంచి తెల్లటి కడ్డీ బయటికి పొడుచుకొచ్చి, దాని మీద అంకె కనపడేది. ఒక్కడే వెళ్తే వెనక టైరుకు ఇరవై ఎనిమిది చాలు. బాక్సు ఎక్కితే ముప్పై నాలుగు ఉండాలి. ముందు దానికి ఎప్పుడైనా ఇరవై నాలుగే. ఆ సన్నటి అంకెలు చదవడానికి ఆయన కళ్ళు చికిలించడం చూసి, నాకు తొమ్మిదేళ్ళప్పుడు నేనే చదువుతానన్నాను. మరుసటి ఏడు వచ్చేసరికి గేజు, కాలితో తొక్కే పంపు, ఆ పని మొత్తం నా చేతికి వచ్చేశాయి.

"బండి తిరిగొచ్చినంక సూస్తే గాలి అబద్ధం చెప్తది బిడ్డా" అని మొదటి రోజే చెప్పాడు. "తిరుగుడుకు ఉడుకెక్కి ఉబ్బుతది. పొద్దుగాల సల్లగున్నప్పుడు సూసిందే నిజం."

చలికాలం రాత్రి చలికే రెండు అంకెలు దిగిపోయేవి. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, నోట్లోంచి ఆవిరి వదులుతూ పంపు తొక్కేదాన్ని, పదిసార్లు తొక్కేసరికి టోపీ తీసేయవలసి వచ్చేది. ఎండాకాలంలో బండి మీద ఎండ పడకముందే చూడాలని తెల్లారగానే నన్ను లేపేవాడు, వేపపూలు రాలి సీటంతా పసుపు పచ్చగా ఉండేది. గాలి తక్కువైతే టైరు పక్కలు మెదిగి వేడెక్కుతాయనీ, మరీ ఎక్కువైతే బండి బంతిలా ఎగిరి రీళ్ళు దెబ్బతింటాయనీ, తడి రోడ్డు మీద జారుతుందనీ ఒక్కో సంగతీ ఒక్కో కాలంలో చెప్పాడు. కొలిచాక వాల్వు మీద వేలితో తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడాలి, మూతను గుడ్డతో తుడిచి బిగించాలి. మా గల్లీలో మిగతా పిల్లలు పాత సైకిలు టైర్లను కట్టెతో కొట్టుకుంటూ దొర్లించే ఆట ఆడుకుంటుంటే, నేను మాత్రం నిజం టైరు చూసేదాన్నని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ సంవత్సరం దసరాకు ఒక పెద్ద హీరో సినిమా వచ్చింది. టాకీసు ముందు ఆయన బొమ్మ రెండంతస్తుల ఎత్తున నిలబెట్టి, బంతిపూల దండలు వేశారు. సినిమా విడుదలైన మూడో రోజు సద్దుల బతుకమ్మ. తొమ్మిది రోజుల పండుగలో ఆఖరి రోజు అదే, ఆ రోజు బతుకమ్మను అన్ని రోజులకంటే ఎత్తుగా పేర్చాలి. మా నానమ్మ ముందు రోజే బంతిపూలూ, గుమ్మడి పూలూ తెప్పించి తడి గోనె సంచి కింద దాచింది. వంటింట్లో అమ్మ నువ్వులు వేయిస్తుంటే ఆ కమ్మటి వాసన గల్లీ చివరి దాకా వెళ్ళేది. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర, బెల్లం వేసి రొట్టె నలిపి కట్టిన మలీద ముద్దలు, ఇవన్నీ అయ్యేదాకా ఏదీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ పొద్దున నేను గేజు తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి నానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "గునుగు పువ్వు తక్కువవడ్డది పిల్లా. పట్టాల పక్కకు జల్ది ఉరుకు, లేటైతే అందరు కోసుకపోతరు" అంది. మా ఇళ్ళ వెనక రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో గునుగు తెల్లగా విరగబూసి ఉండేది. వచ్చాక చూద్దాంలే అనుకుని గేజును కిటికీలో పెట్టి పరుగెత్తాను. ఒడినిండా పూలతో తిరిగి వచ్చేసరికి రంగులు కలిపి ఉన్నాయి. గునుగు కంకులను రంగు నీళ్ళలో ముంచి తీస్తే తెల్లటివి గులాబీగా, ఊదాగా మారడం చూస్తుంటే నాకు ఇంకేమీ గుర్తుండేది కాదు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాక్సు కట్టే తాడు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"గాలి సూసినవా బిడ్డా?"

"సూసిన నాయినా."

"ఎంతున్నది?"

నా చేతులు మణికట్టు దాకా గులాబీ రంగులో ఉన్నాయి. తలెత్తకుండానే, "ముంగట ఇరవై నాలుగు, ఎన్క ముప్పై నాలుగు" అన్నాను.

ఆయన సరేనని బండి తీశాడు. చూడలేదని చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో తానే చూసుకుని వెళ్ళేవాడు. తిట్టడం కూడా ఆయనకు అలవాటు లేదు. అయినా రోజూ చెప్పే అంకే కదా, నోరు తెరవగానే అదే వచ్చేసింది.

మధ్యాహ్నం అమ్మ సద్దులన్నీ టిఫిను డబ్బాలో సర్ది, నాయినకూ, ఆపరేటరు సారుకూ ఇచ్చి రమ్మంది. మా చిన్న టాకీసు ఆపరేటరు పేరు సుబ్బారావు, భీమవరం వైపు నుంచి వచ్చి మా గల్లీలోనే అద్దెకు ఉండేవారు. మిషన్లుండే ఆ గదిని కేబిన్ అనేవారు. ఇనప మెట్లెక్కి లోపలికి వెళ్తే బొమ్మకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు మండే ఘాటు వాసన, రెండు పెద్ద ప్రొజెక్టర్ల వేడి, గోడకు హాలు వైపు చిన్న చదరపు కంతలు, రోడ్డు వైపు ఒక కిటికీ. ఒక మిషను మీద రీలు ఆడుతుంటే సారు రెండో మిషనుకు తరువాతి రీలు ఎక్కించి ఉంచేవారు. మొదటిది అయిపోగానే రెండోది అందుకునేది, హాలులో కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలిసేదే కాదు. నేను వెళ్ళేసరికి మ్యాట్నీ సగం దాటింది. సారు స్టూలు మీద కూర్చుని నువ్వుల సద్ది తిని, "మీ అమ్మ చేతిలో ఏదో ఉందమ్మా, మా ఇంట్లో ఎన్ని నువ్వులు పోసినా ఈ రుచి రాదు" అన్నారు. నాయిన వాటా మూతపెట్టి పక్కన ఉంచాను. ఇంకో పది నిమిషాల్లో వస్తాడు.

పది నిమిషాలూ అయ్యాయి. సారు తిరుగుతున్న రీలు వైపు చూశారు, తరువాత గోడ గడియారం వైపు. రెండో మిషను ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

"మీ నాన్న ఎప్పుడూ ఇలా చెయ్యడే" అన్నారు. "ఇంకో ఆరు నిమిషాలే ఉంది రీలు."

 రంగు అంటిన నా చేతులు చూసుకున్నాను. మిషను మీద పై చక్రంలో ఫిల్ము చుట్ట సన్నబడుతూ పోతోంది. ఆఖరి అడుగులు చటచటమని దాటిపోయాయి, తెర తెల్లబడింది, హాలు ఒక్కసారిగా విరుచుకుపడింది. ఈలలు, కేకలు, కుర్చీల చప్పుడు. సారు గబగబా పొగ తాగరాదనే స్లైడు వేశారు, దానికి జనం ఇంకా ఎక్కువ అరిచారు. కంతలోంచి చూస్తే ముందు వరుసల వాళ్ళు కుర్చీలెక్కి నిలబడి, వెనక్కి తిరిగి, నేరుగా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

కానీ నాకు భయం వాళ్ళ గురించి కాదు. రైలు వంతెన దగ్గర రోడ్డు వాలుగా దిగుతుంది, అక్కడ లారీలు ఆగవు. వెనక టైరు పోతే బండి ఎలా విసురుతుందో నాయిన నాకు చేత్తో చూపించి చెప్పి ఉన్నాడు. ఆ వాలు మీద ఆయన పడి ఉన్నట్టు, రీళ్ళు విప్పుకుని నల్లటి రిబ్బన్లలా రోడ్డంతా పరుచుకున్నట్టు నా కళ్ళకు కట్టింది.

"సార్, నేను గాలి సూడలే" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఏం గాలమ్మా?"

"నాయిన బండికి. సూసినని అబద్ధం జెప్పిన."

సుబ్బారావు సారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. బయట మెట్ల మీద ఎవరో పరుగెత్తుకుని వస్తున్న చప్పుడు. ఆయన నా భుజం పట్టుకుని రోడ్డు వైపు కిటికీ దగ్గర నిలబెట్టారు.

"నాన్న రానీ, ఆయనకే చెబుదువుగాని. ఇప్పుడు నీ పని ఇదీ. రోడ్డు చూస్తూ ఉండు, కనపడగానే నాకు చెప్పు. నేను మిషను సిద్ధం చేస్తాను."

ఆ కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక మేనేజరు వచ్చి సారుతో గట్టిగా మాట్లాడుతున్నాడు. రోడ్డు మీద పండుగ రద్దీ. కొత్త చీరల ఆడవాళ్ళు, పూల బుట్టలు, పటాకుల తుపాకులు పేలుస్తున్న పిల్లలు. ఎక్కడా మా బండి లేదు. నేను మోటారు సైకిళ్ళనే చూస్తున్నాను కాబట్టి, నెమ్మదిగా వస్తున్న పూల ట్రాలీ రిక్షాను చాలాసేపు పట్టించుకోలేదు. అది గేటు ముందు ఆగాక చూశాను. బంతిపూల కుప్పల మధ్య ఇనప పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నాయిన కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. మోచేతి నుంచి మణికట్టు దాకా రక్తం గీతలు.

"వచ్చిండు" అన్నాను. మేనేజరు కేకల్లో సారుకు వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

ట్రాలీ తోలిన పూలాయనా, నాయినా కలిసి పెట్టెను మోసుకుని ఇనప మెట్లెక్కారు. డబ్బా మూత తీస్తుంటే బంతి రేకులు రాలాయి. సారు చేతులు ఎంత వేగంగా ఆడాయో, రెండు నిమిషాల్లో తెర మీద బొమ్మ పడింది, హాలంతా చప్పట్లు. మేనేజరు మాత్రం చల్లబడలేదు.

"గిదేంది యాదగిరీ. ఇరవై అయిదు నిమిషాలు ఆట ఆగింది. జనం కుర్చీలు ఇరగ్గొట్టిన్రు. నేనేం జెప్పుకోవాలె పై వాళ్లకు?"

"ఎన్క టైరు పోయింది సార్. తప్పు నాదే. బండి తీసేముంగట నేను సూస్కోలే."

"రేపటి సంది వేరే మనిషిని సూస్కుంట. నువ్వు జెర రెస్ట్ దీస్కో."

నాయిన తల ఊపాడు. నేను ఆయన వెనక్కి జరిగాను. సుబ్బారావు సారు నా వైపు ఒకసారి చూసి, మిషను వైపు తిరిగారు. మిగిలిన రీళ్ళను పెద్ద టాకీసు వాళ్ళే ఆటోలో పంపుతామన్నారు.

మేమిద్దరం బండి కోసం నడిచి వెళ్ళాం. వంతెన అవతల ఒక చాయ్ హోటలు పక్కన అది నిలబెట్టి ఉంది, వెనక టైరు చపాతీలా రిమ్ముకు అంటుకుని. దాన్ని నెట్టడం ఎంత బరువో నెట్టినవాళ్ళకే తెలుసు. నాయిన కుంటుతూ హ్యాండిలు పట్టుకున్నాడు, నేను వెనక నుంచి రెండు చేతులతో తోశాను. చిలకలగూడ మలుపులో కిష్టయ్య తాత పంక్చరు దుకాణం ఉండేది; నల్లబడిన నీళ్ళ తొట్టి, గోడ నిండా వేలాడే ట్యూబులు. తాత టైరు విప్పి, ట్యూబు బయటికి లాగి చూపించాడు. వాల్వు మొదట్లో రబ్బరు చీలిపోయి ఉంది. టైరు లోపల చెయ్యి పెట్టి తీస్తే వేళ్ళకు నల్లటి పొడి అంటింది.

"గాలి తక్కువున్నంక బరువేసి ఉరికిచ్చినవ్ యాదన్నా. రాత్రి సన్నగ గాలి దిగినట్టున్నది, పొద్దటి సంది గిట్లనే నడిచినవ్. టైరు రిమ్ము మీద జరిగి వాల్వును తెంపింది. నీ బండికి గిట్లెట్ల అయ్యింది?"

"అయ్యింది తాతా" అన్నాడు నాయిన.

తాత కొత్త ట్యూబు తేవడానికి లోపలికి వెళ్ళాడు. నేను నేల చూస్తూ, "నాయినా, పొద్దుగాల నేను గాలి సూడలే" అన్నాను.

"ఎర్కనే."

"ఎట్ల?"

"కింద వడ్డంక సూసిన. వాల్వు మూత మీద నిన్నటి బురద ఎండి అట్లనే ఉన్నది." మోచేతి మీద ఆరిన రక్తాన్ని గోటితో గీకుతూ అన్నాడు, "పొయ్యేటప్పుడు చౌరస్తా కాడనే బండి గుంజుతున్నట్టనిపిచ్చింది. దిగి సూద్దమనుకున్న. నా బిడ్డ ముప్పై నాలుగన్నది గదా అని దిగలే."

ఆయన గొంతులో కోపం లేదు. నేను అప్పటిదాకా ఏడవలేదు, ఆ మాటకు ఏడ్చాను. నన్ను ఏడవనిచ్చాడు. నేను ముక్కు తుడుచుకున్నాక, "మరి మేనేజర్ సార్‌కు నీ తప్పని ఎందుకన్నవ్?" అని అడిగాను.

"బండి ఎక్కెటోన్ని నేను. ఒక్కపారి వంగి సూస్కుంటే అయిపోతుండె. అది నా తప్పే గద."

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. గల్లీ చివర మైదానంలో ఆడవాళ్ళు బతుకమ్మలు మధ్యలో పెట్టి గుండ్రంగా తిరుగుతూ పాడుతున్నారు. నేను రంగు ముంచిన గునుగు వరుసలు మా బతుకమ్మ నడుము చుట్టూ గులాబీగా కనపడుతున్నాయి. నేను వెళ్ళలేదు. అమ్మ నాయిన మోచేతికి పసుపు అద్దుతూ జరిగినదంతా విని, "రేపటి సంది నువ్వే సూస్కో. చిన్నపిల్ల, దానికెందుకు గా పని" అంది. నాయిన కిటికీలోంచి గేజు తీసి తన జేబులో వేసుకున్నాడు. ఆ పని నా చేతిలోంచి పోయిందని అనుకున్నాను, పోవడమే న్యాయమని కూడా అనుకున్నాను.

మరుసటి పొద్దున ఇంకా చీకటి విడుతుండగా నా నుదుటి మీద చల్లగా ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే ఇత్తడి గేజు.

"లే బిడ్డా. గాలి సూసి రా."

"పని పోయింది గద నాయినా."

"పని పోయింది. బండి ఉన్నది గద."

వాకిట్లోకి వచ్చి నాపరాళ్ళ మీద కూర్చున్నాను. చేతులు ఇంకా గులాబీగానే ఉన్నాయి, రెండుసార్లు కడిగినా పోలేదు. మూత తుడిచి, విప్పి, గేజు నొక్కాను. కొత్త ట్యూబు కదా, సరిగ్గా ఇరవై ఎనిమిది. మళ్ళీ నొక్కి చూశాను. అదే. తలెత్తితే నాయిన నా పక్కనే వంగి ఉన్నాడు, కళ్ళు చికిలించి ఆ కడ్డీ మీద అంకెను తానూ చదువుతున్నాడు. అప్పటి నుంచి అదే పద్ధతి. నేను చదివేదాన్ని, ఆయన వంగి చూసేవాడు, మూత ఆయన బిగించేవాడు.

దసరా రోజు పొద్దున బండి కడిగి, హ్యాండిలుకు పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. నానమ్మ హారతి ఇస్తుండగా గల్లీ మొదట్లో రిక్షా ఆగింది. దిగినది మేనేజరు. తెల్ల చొక్కా వేసుకుని, ఇబ్బందిగా నవ్వుతూ మా వాకిట్లోకి వచ్చాడు. అమ్మ కుర్చీ వేసింది, ఆయన కూర్చోలేదు.

"కొత్తాయన స్కూటరు బాక్సు బరువుకు ఆగుతలేదు యాదగిరీ" అన్నాడు. "నిన్న ఒక్కనాడే రెండు ఆటలు లేటైనయ్. ఇయ్యాల పండుగ, హౌస్ ఫుల్లు. పొద్దటి ఆట నుంచే షురూ జెయ్."

నాయిన పసుపు అంటిన చేతులు తువ్వాలుకు తుడుచుకుని, నా వైపు తిరిగి, "బిడ్డా, బాక్సు గాలి గొట్టు" అన్నాడు.

నేను పంపు తెచ్చి తొక్కడం మొదలుపెట్టాను. మేనేజరు ఆశ్చర్యంగా చూశాడు.

"ఈ పిల్లనా గాలి సూసేది?"

"అవ్ సార్. మా బిడ్డనే సూస్తది."

ఆ మాట అంటున్నప్పుడు నాయిన గొంతు మామూలుగానే ఉంది. మేనేజరు ఒకసారి నన్నూ, ఒకసారి ఆ టైరునూ చూశాడు. ఆయనకు ఏదో తట్టిందేమో, పక్కకు జరిగి పంపుకు చోటిచ్చాడు. నేను తొక్కడం ఆపలేదు. గేజు నొక్కాను. ముప్పై ఒకటి. మళ్ళీ తొక్కాను. ముప్పై నాలుగు. వాల్వు మీద వేలితో తడి పెట్టాను, బుడగ రాలేదు. నాయిన వంగి చూసి మూత బిగించాడు. నానమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ఇంకా అలాగే నిలబడి ఉంది.

ఆ తరువాత ఇంకో పదేళ్ళకు పైగా ఆయన బాక్సు మోశాడు. ప్రింట్లు ఎక్కువ రావడంతో క్రమంగా రెండు టాకీసుల పద్ధతి పోయింది. నాయిన ఆటో తోలాడు, అదే పట్టింపుతో మూడు టైర్లూ చూసుకున్నాడు. ఇప్పుడు మా చిన్న టాకీసు ఉన్న చోట ఫంక్షన్ హాలు ఉంది. కిష్టయ్య తాత దుకాణంలో సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నారు. పట్టాల పక్క గునుగు పూసిన జాగాలో అపార్టుమెంట్లు లేచాయి. మా అమ్మ ఇప్పుడు గునుగును మార్కెట్లో కట్టలుగా కొంటుంది, రంగు వేసే అమ్ముతున్నారు. సుబ్బారావు సారు చాలాకాలం క్రితమే పోయారు. రీలు అనే మాట ఇప్పుడు మా అమ్మాయి నోట వింటాను, దాని అర్థం వేరు.

అమ్మా నాయినా మాతోనే కాప్రాలో ఉంటారు. పోయిన నెల ఇద్దరినీ ఒక మాల్‌లో పొద్దుటి ఆటకు తీసుకెళ్ళాను. వద్దన్నాడు, కాళ్ళ నొప్పి అన్నాడు, చివరికి అమ్మ కసరుకుంటే వచ్చాడు. మెత్తటి కుర్చీలో ముడుచుకుని కూర్చుని వెనక్కి తిరిగి చూశాడు.

"బాక్సు ఏడికెళ్లి వస్తది ఇప్పుడు?"

"బాక్సు లేదు నాయినా. శాటిలైటు నుంచి వస్తది."

ఆయన పైకప్పు వైపు చూశాడు. "మంచిగైంది. ఎవలు కింద వడరు" అన్నాడు.

ఇంటర్వెల్‌లో అమ్మ బయటికి వెళ్ళింది. దీపాల వెలుతురులో ఆయన ముఖం చూస్తే ఏదో చెప్పాలనుకుంటున్నట్టు ఉంది.

"ఎన్ని సినిమాలు మోసిన్నో యాదికి లేదు బిడ్డా. ఒక్కటి గూడ మొదటి సంది ఆఖరి దాంక సూడలే."

నేను నమ్మలేకపోయాను. ఇంట్లో ఆయన పాడని పాట లేదు, చెప్పని ఫైటు లేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నీ ముక్కలే. ఏ కథకూ ఆయన దగ్గర మొదలు గానీ చివర గానీ ఉండేది కాదు, మేమెవరమూ అది గమనించలేదు.

"మరి పని బందైనంక సూడొచ్చు గద. ఇన్నేండ్లాయె."

"కూసుంటే గాబరైతుండె. యాడనో నా కోసం ఎవలో ఎదురుసూస్తున్నట్టు."

దీపాలు ఆరాయి. రెండో సగం మొదలైంది. కాసేపటికి ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, మా ఇంటి నాపరాళ్ళ మీద తప్ప ఇంకెక్కడా ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు. తెర మీద ఎవరో నవ్విస్తే నవ్వాడు. కథ అయిపోయి జనం లేచిపోతున్నా, పేర్లు కిందినుంచి పైకి పోతున్నా కదల్లేదు. చీపురు పట్టుకుని ఒకామె వరుస చివర నిలబడి మా కోసం ఆగింది. అమ్మ ఆయన మోచెయ్యి తట్టింది.

ఆయన లేచి, చెప్పులు వెతుక్కుని వేసుకుని, నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ అడిగాడు.

"వచ్చే వారం ఏం సిన్మ ఉన్నది బిడ్డా?"